తాళం వేసిన ఫోల్డరు

ఆ వేసవిలో మా పెద్దమ్మ పోయింది. పేరు చెప్పను. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉండే మా ఆదివాసుల్లో పోయినవాళ్ల పేరు పలకరు, ఫోటో చూడరు, గొంతు వినరు. ఇంటి పెద్దలు ఇక ఫరవాలేదనే దాకా అంతే. అది నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. మా ఊరి దుకాణంలో పనిచేసే ఆమెకీ అదే పేరు. మర్నాటి నుంచి ఆమెని అందరూ కుమన్‌జాయి అనడం మొదలుపెట్టారు. పలకకూడని పేరున్న వాళ్లందరికీ మేం పెట్టుకునే పేరది. ఊళ్లో ఇప్పటికి ముగ్గురు కుమన్‌జాయిలున్నారు. దుకాణం ముందు నిలబడి పిలిస్తే ముగ్గురూ తిరిగి చూస్తారు.

నేను ఊళ్లో ఆర్ట్ సెంటర్‌కి వెబ్‌సైట్ చూసుకుంటాను. ఆ ఉద్యోగం ఏమిటో మా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం ఆరేళ్లుగా నా వల్ల కాలేదు. "నోరాకేం, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటుంది, ఆ టీవీలో సినిమా కూడా రాదు" అనేవాడు లిండ్సే మావయ్య. నిజానికి చాలా పనుంది. మా వాళ్లు గీసిన బొమ్మలు సైట్లో ఎక్కించాలి, అమ్ముడైనవి దించాలి. సెంటరు తెరిచే వేళలు మార్చాలి. ఎక్కడెక్కడి జనమో రాసే ఉత్తరాలకి జవాబివ్వాలి. మా మేనేజరు ఫిలిప్పా మర్చిపోయిన పాస్‌వర్డులు కొత్తగా పెట్టివ్వాలి. ఆదివారం ఆదివారం సైటు మొత్తానికి ఒక నకలు తీసి దాచాలి. మంగళవారాలు బండి వేసుకుని మూడు గంటల మట్టిరోడ్డు మీద ఆలిస్ స్ప్రింగ్స్ టౌనుకి వెళ్లి రంగులూ టపా తేవాలి. ఈ ఆఖరుదానికీ వెబ్‌సైట్‌కీ సంబంధం ఏమిటని నన్నడక్కండి.

ఇవి కాక ఇంకో పని ఉంది. నా నియామకం కాగితంలో రాసి లేదు కానీ అన్నిటికన్నా పెద్దది అదే. ఊళ్లో ఎవరైనా పోతే వాళ్లని సైటులోంచి తీసేయాలి. తీసేయడమంటే చెరిపేయడం కాదు. ఫోటోలూ, పేరూ, మాటల రికార్డులూ అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి తాళం వేయాలి. ఆ తాళం మాటలు నాకూ ఫిలిప్పాకీ తప్ప ఎవరికీ తెలియవు. ఎప్పుడో ఇంటివాళ్లు వచ్చి "ఇక ఇవ్వమ్మా" అంటే, బీరువాలోంచి బట్టలు తీసినట్టు తీసి ఇవ్వాలి. అలా ఆరేళ్లలో తొమ్మిది మందిని తీశాను. ఇద్దర్ని తిరిగి ఇచ్చాను.

పెద్దమ్మ డిసెంబరు మొదటి బుధవారం పొద్దున టౌను ఆసుపత్రిలో పోయింది. నన్ను పెంచింది ఆవిడే. ఆవిడా, అమ్మమ్మా, నేనూ ఒక ఇంట్లో ఉండేవాళ్లం. కబురు రాగానే ఊళ్లో ఆడవాళ్లు నేల మీద పడి ఏడుస్తున్నారు. లిండ్సే మావయ్య, ఆవిడకి తమ్ముడు, మా ఇంటికి ఇక ఆయన మాటే మాట, నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"వెళ్లు. ముందు ఆ పని చూడు" అన్నాడు.

వెళ్లాను. ఫిలిప్పా అప్పటికే నా కుర్చీలో కూర్చుని ఉంది.

"నువ్వు చెయ్యక్కర్లేదు నోరా. నేను చేస్తాను. నువ్వెళ్లి అమ్మమ్మ దగ్గర ఉండు."

"పాస్‌వర్డు గుర్తుందా?"

ఆమె కీబోర్డు నా వైపు తోసింది. కుర్చీ ఖాళీ చేసింది.

అరవై మూడు పేజీల్లో పెద్దమ్మ ఉంది. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. ఒక్కటే రికార్డు, నాలుగు నిమిషాల ఇరవై సెకన్లది. అది నేనే పోయినేడాది వరండాలో కూర్చోబెట్టి తీశాను. మధ్యలో కుక్క మొరుగుతుంది. బయటివాళ్ల కోసం ఆ మాటల్ని ఇంగ్లీషులో కింద టైపు చేయాల్సి వచ్చి, ఒక్కో ముక్కా ఆపి ఆపి ముప్పైసార్లు విన్నాను. ఆ రోజు మాత్రం వినలేదు. చెవులకి ఏమీ తగిలించుకోకుండా ఫైలుని ఫోల్డర్లోకి తోసి తాళం వేశాను. తర్వాత ఆవిడ బొమ్మలు పెట్టుకున్న పదకొండు గ్యాలరీలకి ఉత్తరాలు రాశాను. సిడ్నీ వాళ్లు గంటలో తీసేశారు. మెల్‌బోర్న్ వాళ్లు మర్నాడు. వెతుకుడు కంపెనీలకి కూడా అర్జీలు పెట్టాను, ఎవరైనా పేరు కొట్టి వెతికితే ఆవిడ మొహం రాకుండా. సాయంత్రానికి పెద్దమ్మ ఎక్కడా లేదు. నాకు ఏమీ అనిపించలేదు. అబద్ధం చెప్పడం ఎందుకు, పని సవ్యంగా అయిందని మాత్రం అనిపించింది.

ఊళ్లో అందరూ ఫోన్లలో ఉన్న ఫోటోలు చెరిపేసుకున్నారు. ఇంట్లో కాగితం ఫోటోలుంటే ఆవిడ బట్టలతో పాటు కాల్చేశారు. మేం ఇల్లు వదిలేసి, విమానాలు దిగే మైదానానికి అవతల టార్పాలిన్ల కింద మకాం పెట్టాం. ఎవరైనా పోతే అంతే, ఇంట్లో ఉండం. దుఃఖం పాటించే ఆ మకాన్ని సారీ క్యాంపు అంటాం. మాకు డిసెంబరంటే నడివేసవి, నలభై మూడు డిగ్రీల ఎండ. అమ్మమ్మకి చూపు ఎప్పుడో మందగించింది. జుట్టు కత్తిరించుకుని, తల దించుకుని, దుప్పటి మీద కూర్చుని ఉండేది. నేను రాత్రి క్యాంపులో పడుకుని పగలు ఆఫీసుకి వెళ్లేదాన్ని. శరీరం టౌన్లోనే ఉంది. దూరాల నుంచి చుట్టాలు రావాలి, వానలకి రోడ్లు తెగాయి. అంత్యక్రియలు మార్చిలో అన్నారు.

జనవరి మూడో వారంలో ఫిలిప్పా డార్విన్‌లో వాళ్లక్క దగ్గరికి వెళ్లింది. సోమవారం పొద్దున నేను సైటు తెరిస్తే తెల్లటి పేజీ వచ్చింది, అక్షరం లేదు. శుక్రవారం నేను ఎక్కించిన కొత్త ప్రోగ్రాం ముక్క ఒకటి మొత్తాన్ని పడగొట్టింది. మర్నాడు మా పదకొండు మంది బొమ్మల ఆన్‌లైన్ ప్రదర్శన మొదలవ్వాలి. పోనీ ఆదివారం నకలు ఉందిగా అని తీస్తే అది సగమే ఉంది. దానికి ముందుదీ సగమే. దానికి ముందుదీ అంతే. పెద్దమ్మ ఫైళ్లు అటూ ఇటూ మార్చిన రోజు నుంచి నకలు తీసే యంత్రాంగం దారితప్పింది, ఆరు వారాలుగా నేను చూసుకోలేదు. నిండుగా ఉన్న ఆఖరి నకలు డిసెంబరు మొదటి ఆదివారంది.

అదే తిరిగి పెట్టాను. పదీ నలభైకి సైటు తెరుచుకుంది. మొదటి పేజీలో ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. మొదటిది కొండ. రెండోది బ్రష్షులు. ఆ రెండూ చూసి హమ్మయ్య అనుకుని టీ పెట్టుకోవడానికి లేచాను.

మూడోది పెద్దమ్మ, కుక్కని ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నది.

టీ తాగుతుంటే మైదానం అవతల నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. ఒకరు మొదలుపెట్టారు, తర్వాత అందరూ అందుకున్నారు. ఇంకెవరు పోయారో పాపం అనుకున్నాను. ఇంకో పేరు తీయాల్సి వస్తుందని కప్పు కింద పెట్టి కంప్యూటర్ దగ్గరికి వచ్చాను. అప్పుడు లిండ్సే మావయ్య గుమ్మంలో కనిపించాడు. పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"తియ్యి."

"ఎవర్ని మావయ్యా? ఎవరు పోయారు?"

"నన్నడుగుతున్నావా? నీ టీవీలో చూసుకో."

చూశాను. కొండ వెళ్లింది, బ్రష్షులు వెళ్లాయి. నా చెయ్యి తనంతట తనే కదిలి సైటు మొత్తం ఆపేసింది.

"పాత నకలు పెట్టాను మావయ్యా. అందులో ఉంటుందని గుర్తు రాలేదు. మర్చిపోయాను."

"మర్చిపోయావు. నిన్ను పెంచినదాన్ని మర్చిపోయావు."

"అలా కాదు, నేననేది..."

"దుకాణం దగ్గర పిల్లలు ఫోన్లో చూశారు. పరిగెత్తుకొచ్చి క్యాంపులో అందరి ముందూ చెప్పారు. మీ అమ్మమ్మ రాయి తీసుకుని తల కొట్టుకుంది. నర్సు కట్టు కడుతోంది వెళ్లి చూడు. వద్దులే, నువ్వు రావద్దు."

వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగాడు.

"ఒక్కటి కూడా మిగలకూడదు అందులో. వింటున్నావా? ఒక్కటి కూడా."

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. సాయంత్రం క్యాంపుకి వెళితే నా దుప్పటి ఆ చివర, కుక్కలు పడుకునే చోట పరిచి ఉంది. టీ కేటిల్ అందరి దగ్గరికీ తిరిగి నా దాకా రాకుండా వెనక్కి పోయింది. అమ్మమ్మ తలకి తెల్లటి కట్టు. నేను దగ్గరికి వెళ్లి కూర్చుంటే మా పిన్ని ఒకామె మధ్యలోకి వచ్చి కూర్చుంది. మూడు రోజులు అలాగే చూశాను. నాలుగో రోజు దుప్పటి చుట్టుకుని ఆర్ట్ సెంటర్ వెనకాల, బయట ఊళ్ల నుంచి వచ్చే అతిథులకిచ్చే గదిలో చేరాను. అందులో ఏసీ ఉంది. చాలా బాగా పనిచేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి తాళం వేసిన ఫోల్డరు తెరిచాను. ఇంటివాళ్లు ఎంత కోపంలో ఉన్నా చెరపకూడదన్నది మా సెంటరు పద్ధతి. ఆ పద్ధతి రాసింది నేనే. ఇదివరకు ఒకాయన కూతుళ్లు వచ్చి "అన్నీ తగలబెట్టు" అని అరిస్తే, "అలాగే" అని తలూపి తాళం వేసి ఊరుకున్నాను. రెండేళ్ల తర్వాత వాళ్లే వచ్చి తీసుకున్నారు. ఇదంతా నాకు తెలుసు. కానీ నా చేతుల్లో ఉన్నంతకాలం ఆవిడ ఎప్పుడో మళ్లీ జారి బయటపడుతుందని భయం వేసింది. నా మీద నాకు నమ్మకం పోయింది. నాలుగు వందల పన్నెండు ఫోటోలూ ఆ రికార్డూ ఒకేసారి ఎంచాను. శాశ్వతంగా తొలగించాలా అని అడిగింది. అవునన్నాను. అల్మారాలో ఉన్న హార్డ్ డిస్కు తెచ్చి అందులోవీ చెరిపేశాను. డిసెంబరు నకలు కూడా చెరిపేశాను.

ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న నూడుల్స్ వేడి చేసుకుని తిన్నాను.

సైటు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడానికి ఫిబ్రవరి అంతా పట్టింది. పేజీ తర్వాత పేజీ, బొమ్మ తర్వాత బొమ్మ. మంచిదే అయింది, పని ఉంది కదా. ఫిలిప్పా డార్విన్ నుంచి వచ్చి జరిగింది విని, నన్ను దగ్గరికి తీసుకోబోయి, నా మొహం చూసి మానేసింది. రోజూ ఒక ఆపిల్ తెచ్చి నా బల్ల మీద పెట్టేది. నేను మంగళవారాలు టౌనుకి వెళ్లి వచ్చేదాన్ని. దుకాణంలో కుమన్‌జాయి నా మొహం చూడకుండా సామాను సంచిలో వేసి ఇచ్చేది. ఒకటి రెండుసార్లు దారిలో మావయ్య బండి ఎదురైంది, ఆయన చెయ్యి ఊపలేదు. మా రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా చెయ్యి ఊపుతారు.

మార్చి మొదటి సోమవారం మావయ్య ఆఫీసుకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు.

"ఏమే పిల్లా, టీవీ బాగా వస్తోందా?" అన్నాడు.

ఆ మాట కోసం ఆరు వారాలు కాచుకుని ఉన్నాను. కుర్చీ లాగి వేశాను.

"సినిమా రావట్లేదు మావయ్యా ఇంకా" అన్నాను.

ఆయన కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "శనివారం అంత్యక్రియలు. మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మే మొదలుపెట్టింది ఆ మాట. ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ అంత్యక్రియల్లో పంచే పుస్తకం మీద ఫోటో వేస్తున్నారు కదా, మనం కూడా వేద్దామంది. ఒక్కటే. ఆ రోజుకి మటుకే. కుక్కతో నవ్వుతూ ఉందే, అది. నీ దగ్గర తాళం పెట్టె ఉందిగా, తీసివ్వు. నువ్వు కూడా వచ్చి అమ్మ పక్కన కూర్చోవాలి శనివారం. అది చెబుదామనే వచ్చాను."

యంత్రం పాడైందని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు. ఊరంతా నమ్ముతుంది. సైటు పడిపోయిన సంగతి అందరికీ తెలుసు కదా, దాంతో పాటు పోయిందంటే అడిగేవాడు లేడు. శనివారం అమ్మమ్మ పక్కన కూర్చోవచ్చు.

"లేదు మావయ్యా."

"ఏది లేదు?"

"ఫోటో. ఏదీ లేదు. నేనే చెరిపేశాను."

"తాళం పెట్టెలోవి కూడానా?"

"అన్నీ."

"ఎప్పుడు?"

"మీరు వచ్చి వెళ్లిన వారంలో. ఒక్కటి కూడా మిగలకూడదన్నారు."

ఆయన టోపీ అంచు వేళ్లతో తిప్పాడు. "అన్నాను" అన్నాడు. "అంటే మాత్రం..." అని ఆపేశాడు. సిడ్నీ వాళ్లని అడిగి చూడమన్నాడు. నేను తీయించేశానన్నాను. వాళ్ల దగ్గరైనా దాచి ఉంటుందేమో అన్నాడు. పదకొండు చోట్లా చెరిపేశామని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నానన్నాను. నా పని నేను ఎంత బాగా చేశానో ఆ రోజు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను.

"పద" అన్నాడు లేచి. "అమ్మకి నువ్వే చెప్పాలి. నేను పక్కన ఉంటాను."

క్యాంపులో అమ్మమ్మ అదే దుప్పటి మీద కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు, నుదుటి మీద మచ్చ పడింది. పిన్నిని అవతలికి పొమ్మని మావయ్య సైగ చేశాడు. నేను అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. ఫోటోలు చెరిపేశానని చెప్పాను. గొంతు రికార్డు కూడా చెరిపేశానని, ఇక ఎక్కడా లేదని, ఏళ్లు గడిచాక అడిగినా ఇవ్వలేనని చెప్పాను. ఒక్కటి కూడా మిగలకూడదని మావయ్య అన్న సంగతి ఎత్తలేదు.

అమ్మమ్మ నేల మీద ఇసుకని అరచేత్తో చదును చేస్తోంది.

"తెలుసులే" అంది.

మావయ్య తల తిప్పి చూశాడు. "నీకెలా తెలుసమ్మా?"

"నువ్వూరుకోరా, దీంతో మాట్లాడుతున్నాను." నా వైపు తిరిగింది. "మంగళవారాలు నువ్వు టౌనుకి పోతావుగా. నీ ఆఫీసుకి వచ్చేదాన్ని. ఆ ఫిలిప్పా తాళం మాటలు చీటీలో చూసుకుని తెరిచి, నాకు చెవులకి తగిలించేది. నా కూతురి మాట వినేదాన్ని. ఒకసారి అయిపోతే మళ్లీ పెట్టమనేదాన్ని. కూడదని నాకు తెలియక కాదు. నేను కన్నాను దాన్ని, నాకు చెప్పేదెవరు? ఒక మంగళవారం ఫిలిప్పా వెతికింది, వెతికింది, లేదు ముసలమ్మా అని ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను దాన్ని. ఎవరితోనూ అనొద్దన్నాను."

"మరి ఎందుకమ్మమ్మా... తెలిసి కూడా ఫోటో అడగమని మావయ్యని పంపావు?"

"నిన్ను నా దగ్గరికి రానివ్వాలంటే వీడికి ఏదో ఒక పని చెప్పాలిగా."

మావయ్య లేచి అవతలికి నడిచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఇసుక అంటిన చెయ్యి, వేడిగా ఉంది. తప్పయిందని అనబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

"నువ్వే కదా దాన్ని కూర్చోబెట్టి మాట్లాడించింది. అన్నిసార్లు విని రాసుకున్నావు. ఏమంటుందో గుర్తుందా?"

"ఇప్పుడా? ఇక్కడా?"

"మెల్లిగా. నాకు వినబడితే చాలు."

మావయ్య వీపు కదల్లేదు. నేను కళ్లు మూసుకున్నాను. టైపు చేసిన అక్షరాలు వరసగా కనిపించాయి.

"పొద్దున లేవగానే ముందు టీ తాగాలి" అని మొదలుపెట్టాను. "టీ తాగకుండా ఎవరితోనూ మాట్లాడను, కుక్కలతో కూడా. తర్వాత కాన్వాసు నేల మీద పరుస్తాను. నిలబడి గీసేవాళ్లకి నడుం నొప్పి ఎందుకు రాదో నాకు తెలియదు. ముందు చుట్టూ అంచులు వేసుకుంటాను. అంచులు అయ్యాక..."

అక్కడ కుక్క మొరుగుతుంది. దాని తర్వాత ఏముందో తెలియలేదు. ముప్పైసార్లు విన్నది, నా చేత్తో రాసింది, ఎంత తడుముకున్నా దొరకలేదు.

"అంచులు అయ్యాక కాసేపు ఊరికే కూర్చుంటాను" అంది అమ్మమ్మ.